వంతు వాన

స్వాతి కార్తె, మూడో రోజు

ఇవాళ పొద్దున్నే గది మధ్యలో ఉన్న తెల్లగీతకు మళ్ళీ రంగు వేశాం. ఈ తేమకు ఇక్కడ ఏ రంగూ నిలవదు. ఆ చివర నుంచి ఓబులమ్మ గారు, ఈ చివర నుంచి నేను, కుంచెలు పట్టుకుని మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చాం. గీతకు అవతల, పడమటన మెట్టసీమ; ఇవతల, తూరుపున మా లంకసీమ. అటొక పొయ్యి, ఇటొక పొయ్యి. అటొక గడియారం, ఇటొక గడియారం. వాళ్ళది మాకంటే అరగంట వెనక నడుస్తుంది. ఇద్దరి కుంచెలూ కలిసే చోట ఆవిడ గీత కాస్త మా వైపుకి వంగింది.

"మీ గీత ఇటు వచ్చేసిందండీ," అన్నాను.

"నీ కన్నే వంకరగా ఉండాదేమో సూడు," అంది ఆవిడ తల ఎత్తకుండానే.

తుడిచి మళ్ళీ వేశాం. ఆవిడకు యాభై దాటి ఉంటాయి. ఈ మబ్బుమేడలో ఇది ఆరో ఏడట. నాకు మొదటిది. వచ్చేముందు మా పర్యవేక్షకుడు నాకు చెప్పిన మాట ఒక్కటే: "హైమా, ఆవిడ మంచిదే కావచ్చు. నువ్వు మాత్రం ఆవిణ్ణి మెట్టమనిషిగానే చూడు." ఆవిడకూ వాళ్ళ వాళ్ళు ఇలాంటిదే ఏదో చెప్పే ఉంటారు.

మబ్బుమేడ అని పేరేగానీ ఇది మేడ కాదు. గాలిబుడగలకు వేలాడుతూ, ఇనుప తాళ్ళతో కనుమకు కట్టేసి ఉన్న రెండు గదులు. చుట్టూ ఆకాశంలో బారులు తీరిన తెరలు. సముద్రం మీద పుట్టిన మబ్బు ఈ కనుమ దగ్గరికొచ్చి ఆగుతుంది. తెరలు ఎటు తిప్పితే అటు పోతుంది. ఒకటి వాళ్ళ వంతు, ఒకటి మా వంతు. తెరలు కదలాలంటే పలక మీద ఇద్దరి అరచేతులూ ఒకేసారి పడాలి. ఒక దేశం చెయ్యి ఒక్కటే వేస్తే పలక ఉలకదు, పలకదు.

స్వాతి కార్తె, తొమ్మిదో రోజు

తెరల మీద పాచి తుడిచాం. నడుముకు తాడు కట్టుకుని గాల్లోకి దిగాలి. తాడు రెండో కొస స్తంభానికి కట్టాలే తప్ప అవతలి దేశం మనిషి చేతికి ఇవ్వకూడదని నియమం. నేను స్తంభానికే కట్టాను. అయినా దిగుతూ వెనక్కి చూస్తే ఆవిడ స్తంభం పక్కనే నిలబడి ఉంది. తాడు పట్టుకోలేదు, అలాగని పక్కకీ పోలేదు. గంటసేపు అలాగే నిలబడింది. అది కాపలానో, నిఘానో నాకు తెలియలేదు.

మధ్యాహ్నం పాలరేవు దినం. నూరేళ్ళ కిందట వాళ్ళు తమ వంతు వానను మాకు 'దానం' చేశారు. కోతల వేళ వచ్చిపడిన ఆ వానకు పాలరేవు పట్టణం రాత్రికి రాత్రి కొట్టుకుపోయింది. యుద్ధం దానితోనే మొదలైంది; ఇద్దరి చేతులూ పడాలనే పలక వచ్చింది ఆ గొడవలన్నీ ముగిశాకే. మా బళ్ళలో ప్రతి పిల్లా పోయినవాళ్ళ పేర్లు ఒక వరస కంఠతా చెప్పాలి. మా అమ్మమ్మ వాళ్ళ అమ్మ తాటిచెట్టు పట్టుకుని బతికింది. మిగతా ఇంటిల్లిపాదీ ఆ పేర్ల వరసలో ఉన్నారు. రేడియోలో పేర్లు చదువుతుంటే నేను నిలబడి వల్లించాను. ఆవిడ తన పొయ్యి ఆర్పేసి, అయ్యేదాకా కూర్చుంది.

తరువాత గిన్నెలో అన్నం పెట్టుకుంటూ, మర్యాదకి, "కాస్త తింటారా?" అని అడిగాను.

"మా నాయన్ను కన్న జేజి వరన్నం ముట్టేది కాదు. మాకూ అలవాటు కాలే," అంది. "పదేండ్లు మా వానలన్నీ మీరు తిప్పుకుంటిరి గదా. ఆ పదేండ్లలో జేజికి పుట్టిన ముగ్గురు బిడ్డలూ పోయినారు. మా పిల్లోళ్ళకు బడిలో ఆ పాఠం చెప్తారు. మీకు చెప్పరా?"

"ముందు పాలరేవును ముంచింది ఎవరండీ?" అన్నాను.

"ముంచినామని మీరంటారు."

ఎవరి గిన్నె వాళ్ళం పట్టుకుని ఎవరి వైపు వాళ్ళం తిన్నాం. రాగిసంగటి వాసన, అన్నం వాసన గీత దగ్గర కలిసిపోతూనే ఉన్నాయి.

విశాఖ కార్తె, రెండో రోజు

ఓబులమ్మ గారు సెలవు నుంచి తిరిగి వచ్చింది. ఆవిడ కూతురు సుంకులమ్మది ఏటిగడ్డ. వాళ్ళ పెద్ద ఆనకట్ట కిందే ఉన్న పట్టణం. మనవడికి పుట్టువెంట్రుకలు తీయించి వస్తానని పోయింది. అలాంటి వేడుక చూసొచ్చిన మనిషిలా లేదు. తెచ్చుకున్న మూట విప్పలేదు. పడమటి కిటికీ దగ్గరున్న దూరదర్శినిని ఆనకట్ట వైపు తిప్పి, పదే పదే చూస్తోంది.

"మనవడు బాగున్నాడా?" అని అడిగాను. అలా అడగకూడదని నియమమేమీ లేదు కదా.

"బాగుండాడు," అంది. మళ్ళీ దూరదర్శినికి కన్ను ఆనించి, "నడక నేర్చినాడు," అంది. ఆ మాట చెప్పేటప్పుడు ముఖం ఎందుకట్లా పెట్టిందో అర్థం కాలేదు.

విశాఖ కార్తె, ఎనిమిదో రోజు

సముద్రం మీద వాయుగుండం కట్టింది. చాలా పెద్దది. ఎల్లుండికి కనుమ చేరుతుంది. వంతు వాళ్ళది.

మెట్టసీమ రేడియోలో డప్పులు మోగుతున్నాయి. మూడేళ్ళుగా వాళ్ళకు సరైన వాన లేదు. మా రేడియోలో మాత్రం, వంతు మనది కాదు కాబట్టి రైతులు నిశ్చింతగా కోతలు సాగించవచ్చని చెబుతున్నారు. మా వీర్రాజు అన్నయ్య సాయంత్రం ఫోన్లో మాట్లాడాడు.

"కోతలన్నీ అయిపోయినియ్యే. కోసిన పనలు చేలోనే ఉన్నాయి. ఓ నాలుగు ఎండలు తగిల్తే కుప్పేసేత్తాం. ఈసారి గింజ ఎలా ఉందనుకున్నావు! బంగారం."

ఓబులమ్మ గారు తన రేడియో కట్టేసింది. వాళ్ళ దేశమంతా పండగ చేసుకుంటుంటే ఈవిడ అన్నం నీళ్ళు లేకుండా ఆ కిటికీ దగ్గరే ఉంది.

విశాఖ కార్తె, తొమ్మిదో రోజు

ఇది రాయకపోతే ఉండలేను.

పొద్దున నేను పళ్ళు తోముకుని వచ్చేసరికి ఆవిడ గీతకు సరిగ్గా అవతల, కాలివేళ్ళు గీతకు ఆనించి నిలబడి ఉంది.

"పాపా, ఈ మబ్బును మాకు పంపొద్దు," అంది.

"వంతు మీదే కదండీ."

"మాదే. వద్దంటాండా. మీకు తిప్పుదాం."

చిన్నప్పటి నుంచి విన్న పాఠంలోని మాటలివే. అవే మాటలు, అదే కోతల కాలం, పనలూ అలాగే చేలో ఉన్నాయి.

"ఎందుకు?" అన్నాను.

"కట్టకు నెర్రె పడినాది. కూతురింటికి పోయినప్పుడు తెలిసింది. కట్ట కాడ పని చేసేటోళ్ళు పెండ్లాం బిడ్డల్ని పై ఊర్లకు తోలేసినారు. బయటికి చెప్తే జైలే. అందుకే ఎవురూ నోరు ఇప్పరు. ఈ వాన దానిమీద పడితే నిలబడదు."

"మీ సర్కారుకు తెలియదా?"

"తెల్దనుకుంటివా? వాళ్ళకు నీళ్ళు కావాల. నిలబడుతాదిలే అంటాండారు. నిలబడొచ్చు. నిలబడకుంటే కింద ఏటిగడ్డంత ఊరుండాది."

మబ్బును ఇక్కడే ఆపేద్దామా అని అడిగాను. కనుమ మీద కురిసినా ఆ నీళ్ళు పడమటి వాగుల్లో పడి ఆనకట్టకే చేరతాయంది. నిజమే. సగం అటు, సగం ఇటు పంపుదామన్నాను. ఈ గాలికి తెరలు సగంలో నిలవవు, చిరిగిపోతాయంది. అదీ నిజమే. నాకూ తెలుసు ఇవన్నీ. అయినా అడిగాను.

"మా వాళ్ళ పంటంతా నేలమీద పరిచి ఉంది," అన్నాను.

"తెలుసు."

"నూరేళ్ళ కిందట మీ వాళ్ళు ఇదే చెప్పారు. కట్ట తెగేలా ఉంది, వాన మీరు తీసుకోండి అన్నారు. మా వాళ్ళు నమ్మారు. కట్ట తెగలేదు. పాలరేవు పోయింది."

ఆవిడ కిటికీలోంచి ఆనకట్ట వైపు చూపించింది.

"వాన మీకు పోయినాది గదా పాపా. ఇంక కట్ట ఎందుకు తెగుతాది?"

అదే రోజు, సాయంత్రం

పర్యవేక్షకుణ్ణి అడిగాను. ఆవిడ పేరు ఎత్తకుండా, "వాళ్ళు తమ వంతు వదులుకుంటామంటే ఏం చెయ్యాలి?" అన్నాను.

ఆయన నవ్వాడు. "మళ్ళీ దానమా? వాళ్ళ వాన వాళ్ళకే పంపు హైమా. ఒక్క చినుకు కూడా మనకొద్దు."

తరువాత అన్నయ్యకు కలిపాను. "అన్నయ్యా, రేపటికల్లా పనలన్నీ కుప్ప వేసెయ్యండి. ఊళ్ళో అందరికీ చెప్పు."

"వంతు వాళ్ళదేగా?"

"వేసెయ్యండి, అంతే."

"పచ్చి పనలు కుప్పేత్తే లోపల ఉడికిపోతాయే. ఎవరు చెప్పారు నీకు?" అని ఆగాడు. నేను పలక్కపోయేసరికి గొంతు మారింది. "ఆ మెట్టదేనా? దాని మాట వింటున్నావా నువ్వు? అమ్మమ్మ పేర్లు చెప్పించేది, అయ్యన్నీ మర్చిపోయావా?"

"ఒక్కసారి నా మాట విను."

"నువ్వు నీ మాట మాట్లాడు, వింటాను. దాని మాట వినను." పెట్టేశాడు.

గదంతా నడుస్తున్నాను. నడవడానికి ఇక్కడ చోటే లేదు. గీత దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. అవతల ఆవిడా అలాగే నడుస్తోంది. బతిమాలదు, ఏడవదు. బతిమాలితే కాదనడం తేలికయ్యేది.

విశాఖ కార్తె, పదో రోజు

తెల్లారేసరికి మబ్బు వచ్చేసింది. తూరుపంతా సిరా ఒలికినట్టుంది. తాళ్ళు మూలుగుతున్నాయి.

"ఒకసారి నేను చూడొచ్చా?" అని పడమటి దూరదర్శినిని చూపించాను. అది వాళ్ళ వైపుంది. ఆవిడ పక్కకి జరిగింది. గీత దాటి వెళ్ళాను.

నెర్రె కనబడలేదు. ఆనకట్ట సగం పొగమంచులో ఉంది, మిగతా సగం నీళ్ళలో. కానీ దాని పక్కన పనివాళ్ళ ఇళ్ళ వరస కనబడింది. అటు ఇంకా ఎండ కాస్తోంది. ఆ వరసలో ఒక్క ఇంటి ముందు కూడా ఆరేసిన బట్ట లేదు. కిందికి దించి చూశాను. ఏటిగడ్డలో ఏ మేడ చూసినా బట్టలే. చీరలు, దుప్పట్లు, చిన్న చిన్న చొక్కాలు. వాన వస్తుందని సంబరపడుతూ కూడా ఎవరూ వాటిని ఇంకా తీయలేదు.

నన్ను నమ్మించడానికి అన్ని ఇళ్ళు ఖాళీ చేయిస్తారా? చేయిస్తారేమో. చేయిస్తారనే మాకు నేర్పారు. మరి ఆ చొక్కాలు? వాటిని కూడా నాకోసమే ఆరేశారా? ఇలా ఆలోచించుకుంటూ పోతే ప్రపంచంలో ఏదీ నిజం కాదు. ఆవిడ ముఖంలో ఏదైనా దొరుకుతుందేమోనని చూశాను. రెండు రోజులుగా తిండి లేని ముఖం. అంతే.

"మా ఇళ్ళు గోడలతో సహా పోవచ్చు," అన్నాను.

"అవును," అంది. "అది నేను మోస్తా. నీకు అబద్ధం చెప్పను, వాన గెట్టిగానే కొడ్తాది."

రెండు రేడియోలూ ఒకేసారి అరుస్తున్నాయి. అటు వాళ్ళూ ఇటు మా వాళ్ళూ ఒకే మాట చెబుతున్నారు, పడమటికి తిప్పండి అని. రెండు దేశాలూ ఒక్క మాట మీద ఉండడం నేను పుట్టాక అదే మొదటిసారి.

ఇద్దరం పలక దగ్గరికి వచ్చాం. నేను తూరుపు గుర్తు మీద చెయ్యి పెట్టాను. ఆవిడ తన చెయ్యి నా చేతి పక్కన పెట్టింది. తెరలు తిరిగాయి.

మబ్బు మా ఊళ్ళ మీదికి నడిచి వెళ్ళడం చూస్తూ కూర్చున్నాను. ఆవిడ నా పక్కనే నేలమీద కూర్చుంది. గీత మా ఇద్దరి కింద ఎక్కడో ఉంది.

అనూరాధ కార్తె, ఐదో రోజు

మమ్మల్ని తాళ్ళకు వేలాడే వేరువేరు తొట్లలో కిందికి దింపారు. ఆవిణ్ణి వాళ్ళవాళ్ళు, నన్ను మావాళ్ళు తీసుకుపోయారు. పోయొస్తానని చెప్పుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

మూడు రోజులు కురిసిందట. పనలన్నీ నీళ్ళలో తేలి, మొలకలొచ్చేశాయి. మా పక్క ఊళ్ళో గోడ కూలి అప్పలస్వామి అనే ముసలాయన చనిపోయాడు. ఆయన్ని నేను ఎరగను. ఆ పేరు మాత్రం పొద్దున లేస్తే నోట్లోకి వస్తోంది.

మెట్టసీమలో ఆనకట్ట నిక్షేపంగా ఉంది.

నన్ను ఉంచిన గదికి అన్నయ్య చూడటానికి వచ్చాడు. గుప్పెడు మొలకెత్తిన ధాన్యం బల్లమీద పోసి వెళ్ళిపోయాడు.

జ్యేష్ఠ కార్తె, నాలుగో రోజు

రేపు కనుమ కింద ఉమ్మడి సభలో విచారణ. రెండు దేశాల రేడియోల్లోనూ వినిపిస్తారు.

నా తరఫు వకీలు శేషగిరి గారు మెత్తని మనిషి. "అమ్మా, నీకు చాలా సులువు. ఆవిడ నన్ను మోసం చేసిందని ఒక్క మాట చెప్పు. ఉద్యోగం పోతుంది, అంతే. ఊళ్ళో జాలి పడతారు."

"ఆవిడేం చెబుతుంది?"

"ఆవిడకూ అదే చెప్పమని వాళ్ళ వాళ్ళ సలహా. లంకోళ్ళని బుట్టలో వేసి పంట ముంచానని చెబితే, వాన పోయినా సరే, అక్కడ ఊరేగిస్తారు. కట్ట పాడైందని చెబితే దేశద్రోహం. ఎవరైనా ఏది ఎంచుకుంటారు?"

మోసం జరిగిందనే కథ అందరికీ కావాలి. మా వాళ్ళకు పాలరేవు మళ్ళీ నిజమవుతుంది. వాళ్ళకు ఆనకట్ట గట్టిదవుతుంది. ఆవిడ కూతురింటికి పోతుంది. నేను ఊరికి పోతాను. ఇంతమందికి మేలు చేసే అబద్ధాన్ని ఆవిడ కాదంటుందా? కాదనకపోతే, అది అబద్ధమేనని నాకు మాత్రం ఎలా తెలుస్తుంది?

జ్యేష్ఠ కార్తె, ఐదో రోజు

ముందు నన్ను పిలిచారు. "ఆవిడ నన్ను మోసం చెయ్యలేదు. కారణం చెప్పింది. నేను నమ్మాను. చెయ్యి నాది," అన్నాను. శేషగిరి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

తరువాత ఆవిణ్ణి తెచ్చారు. చిక్కిపోయింది. నా వైపు చూడలేదు. న్యాయమూర్తుల వైపు కూడా చూడలేదు. నేరుగా మైకు దగ్గరికి పోయి, ఎవరూ ప్రశ్న అడగకముందే మొదలుపెట్టింది.

"ఏటిగడ్డోళ్ళకు చెప్తాండా. కట్టకు నెర్రె పడినాది. నేను లంకోళ్ళను మోసం చేయలే. ఈ ఒక్కసారికి ఆ పిల్ల మిమ్మల్ని కాపాడినాది. మళ్ళా వాన వస్తే కాపాడేటోళ్ళు ఉండరు. పిల్లోళ్ళను ఎత్తుకుని గుట్ట మీదికి పోండి. కట్ట కాడ ఇండ్లు పోయి చూడండి, ఒక్క బిడ్డన్నా ఉండాడేమో. సుంకులూ, నువ్వు…"

అక్కడ మైకు తీసేశారు. ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఇద్దరు సిపాయిలు రెక్కలు పట్టుకుని తీసుకుపోయారు.

ఇన్నాళ్ళూ ఆవిడ నోరు మూసుకుని ఈ రోజు కోసమే ఆగిందని అప్పటికి గాని అర్థం కాలేదు. వాళ్ళ దేశంలో ఆవిడ గొంతు అందరికీ వినబడేది ఈ ఒక్క రోజే.

మూల కార్తె, పదకొండో రోజు

నేను కాదన్నా నన్ను మోసపోయిన పిల్లగానే లెక్కగట్టి, ఉద్యోగం తీసేసి వదిలేశారు. ఊళ్ళోనే ఉన్నాను. కొట్టుకి వెళితే మాటలు ఆగిపోతాయి.

మెట్టసీమ నుంచి కబుర్లు వస్తున్నాయి. ఏటిగడ్డ వాళ్ళు మొదట నవ్వారట. తరువాత కొందరు పోయి ఆ ఖాళీ ఇళ్ళు చూసొచ్చారు. ఆ పూటే ఊరు కదిలింది. గుట్ట మీద డేరాలు వేసుకుని, నీళ్ళు దించేదాకా దిగమని కూర్చున్నారు. వాళ్ళ సర్కారు చివరికి, ఏటా చేసే మామూలు మరమ్మతు అని చెప్పి తూములు ఎత్తింది. నీళ్ళు తగ్గుతుంటే, గుట్ట మీదున్న అందరికీ కనబడిందట. పైనుంచి కింది దాకా నల్లగా చెమ్మ కారుతున్న నెర్రె. రాయి రంగు మారిందని సర్కారు ప్రకటించింది.

మా రేడియో ఆ సంగతి చెప్పలేదు. మా బళ్ళలో ఈ ఏటి నుంచి 'రెండో దానం' అని కొత్త పాఠం పెడుతున్నారట. అప్పలస్వామి గారి పేరు వరసలో చివర చేర్చారు.

నెర్రె సంగతి అన్నయ్యకు చెప్పాను. చేలో మొలకలు దున్నేస్తున్నాడు. ట్రాక్టరు ఆపలేదు.

ఉత్తరాభాద్ర కార్తె, ఆరో రోజు

ఎన్నిసార్లు తిప్పి పంపినా అడగగా అడగగా, రెండు సర్కార్లూ అనుమతిచ్చాయి. మెట్టసీమ జైలుకు వెళ్ళివచ్చాను. ఆవిడకు తొమ్మిదేళ్ళు వేశారు.

మధ్యలో ఇనుప వల. అవతల స్టూలు మీద కూర్చుంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది.

"మీ యన్న మాట్లాడతాండాడా?" అంది. మొట్టమొదట అడిగింది అదే.

"లేదక్కా."

తల ఊపింది. ఆవిణ్ణి అక్కా అని పిలిచినట్టు నోరు దాటాక గాని నాకు తెలియలేదు. ఆవిడ మాత్రం ఎప్పుడూ అలాగే పిలుస్తున్నట్టు ఊరుకుంది.

"మీ సుంకులమ్మ వస్తుందా చూడటానికి?"

"రాలే. రాదు. అల్లునికి పని పీకేసినారు. ద్రోహి కూతురని నీళ్ళకాడ మాటలంటారంట. నన్ను తల్లే కాదనిందంట." వలలోంచి వేలు పెట్టి తుప్పు గోకుతూ చెప్పింది, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

నా కళ్ళు చూసి ఆవిడే అంది:

"ఏడుస్తావెందుకు పాపా? బతికుండాది గదా. నామీద కోపంగా ఉండాలన్నా, బతికుండాల గదా."